ఒక్క సెంటు తేడా: టెక్సస్‌లో ఆగస్టు ట్యాక్స్ హాలిడేని సరిగ్గా వాడుకోవడం

(డాలస్ ప్రాంతంలో బడి పిల్లల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగం, రాత రూపంలో)

అందరికీ నమస్కారం. ఆగస్టు దగ్గరికొచ్చేసింది. టీచర్లు పంపే స్కూల్ సామాను లిస్టులు ఈపాటికి మీ ఫోన్లలోకి వచ్చేసి ఉంటాయి. ఇవాళ ఒక్క విషయమే మాట్లాడుకుందాం. ఆగస్టులో కొన్ని వస్తువుల మీద అమ్మకం పన్ను వేయని ఆ మూడు రోజుల సేల్స్ ట్యాక్స్ హాలిడేలో మనకు నిజంగా మిగిలేది ఎంత, అది ఎక్కడెక్కడ చేజారిపోతుంది అన్నది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందొక మాట. ఇండియాలో మన ఊళ్లో నోటు పుస్తకం మీద ఎమ్మార్పీ ఎంతుంటే అంతే ఇస్తాం, పన్ను అందులోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అక్కడ నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్ల మీద జీఎస్టీయే తీసేశారు. ఇక్కడ పద్ధతి వేరు. ట్యాగ్ మీద ఉండేది పన్ను కలపని ధర, పన్ను కౌంటర్ దగ్గర కలుస్తుంది. టెక్సస్‌లో రాష్ట్రం వాటా 6.25 శాతం. ఊరు, కౌంటీ, రవాణా సంస్థలు వంటి స్థానిక వాటాలన్నీ కలిపి 2 శాతం దాకా ఉండొచ్చు. మనముండే చాలా ఊళ్లలో మొత్తం 8.25 శాతం పడుతుంది. ఆ మూడు రోజులూ అర్హత ఉన్న వస్తువుల మీద రాష్ట్రం వాటా, స్థానిక వాటా రెండూ పోతాయి.

1999 నుంచి టెక్సస్‌లో ఇది ఉంది. తేదీలు మారుతూ ఉంటాయి గానీ వాటికీ ఓ లెక్కుంది. ఆగస్టు నాలుగో సోమవారం నుంచి 15 రోజులు వెనక్కి లెక్కపెట్టి, దానికి ముందొచ్చే శుక్రవారం పట్టుకోవాలి. 2024లో అది 9, 2025లో 8, 2026లో 7. గురువారం అర్ధరాత్రి దాటి ఆ శుక్రవారం మొదలైన నిమిషం నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా. ఈ మధ్య చాలా స్కూల్ డిస్ట్రిక్టులు ఆగస్టు రెండో వారంలోనే బడి తెరుస్తున్నాయి. మీ డిస్ట్రిక్ట్ క్యాలెండర్, ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. బడి మొదటి రోజుకు తప్పనిసరైన ఒకటి రెండు వస్తువులు ముందే కొనాల్సి వస్తే కొనేయండి. అరడజను పెన్సిళ్ల మీద పదిహేను సెంట్ల పన్ను కోసం పిల్లను ఉత్త చేతులతో పంపక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్క. పన్ను పోయిందంటే 8.25 శాతం డిస్కౌంట్ వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. సరిగ్గా లెక్కేస్తే అంత కాదు. వంద డాలర్ల వస్తువుకు మామూలు రోజున మీరిచ్చేది 108.25, హాలిడే రోజున 100. ఆ 8.25 ఆదా 108.25లో ఎంత భాగం? 7.62 శాతం. ఈ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మీకు తరచూ పనికొచ్చేది ఇదే. పన్ను కట్టే మామూలు రోజున అదే వస్తువు 7.6 శాతం కన్నా ఎక్కువ తగ్గింపుతో దొరుకుతుంటే, హాలిడే దాకా ఆగితే నష్టం మీకే. జులై మూడో వారంలో 20 శాతం తగ్గింపు ఇచ్చిన షూ, హాలిడే వారాంతంలో పూర్తి ధరకు అమ్ముతుంటే జులైలో కొన్నవాళ్లే గెలిచినట్టు. పన్ను సెలవు, దుకాణం తగ్గింపు ఒకే రోజున కలిసొస్తేనే పూర్తి లాభం.

ఇంటి లెక్కగా చూద్దాం. ఇద్దరు పిల్లలకు రెండు జతల షూ 120, ఆరు జీన్స్ 150, పది చొక్కాలు 120, సాక్సులు లోదుస్తులు 40, రెండు పల్చటి జాకెట్లు 90, రెండు బ్యాక్‌ప్యాకులు 80, లంచ్ బాక్సులు 30, నోటు పుస్తకాలు పెన్నులు వగైరా 70. మొత్తం 700 డాలర్లు. మిగిలే పన్ను 57 డాలర్ల 75 సెంట్లు. చిన్న మొత్తమేం కాదు, వదులుకోకూడదు కూడా. అయితే అదే 700 డాలర్ల సరుకు మీద 20 శాతం తగ్గింపు దొరికితే 140 మిగులుతుంది. ముందు ధర చూసి తర్వాతే పన్ను చూడమని చెప్పేది అందుకే. జులై చివరి వారంలో మీరు కొనబోయే పెద్ద వస్తువులు నాలుగైదింటి ధరలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. హాలిడే నాటికి ఆ ధర పెరిగిందో తగ్గిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇక వంద డాలర్ల గీత. బట్టలు, చెప్పులు, షూ, బ్యాక్‌ప్యాకులు, స్కూల్ సామాను, ఏదైనా సరే ఒక్కో వస్తువు ధర వంద డాలర్ల కంటే తక్కువ ఉండాలి. వంద అంటే వంద కూడా కాదు, 99.99 దాకానే. బిల్లు మొత్తానికి పరిమితి లేదు. తొంభై డాలర్ల షూ ఆరు జతలు కొన్నా పన్ను లేదు. గీత దాటితే దాటిన భాగానికి మాత్రమే పన్ను అనుకోకండి, మొత్తం ధర మీదా పడుతుంది. 105 డాలర్ల షూకు పన్నుతో 113.66 ఇస్తారు. దుకాణం వాళ్ల కూపన్ ఆరు డాలర్లది దొరికిందా, ధర 99 అయింది, పన్ను ఎగిరిపోయింది. ఆరు డాలర్ల కూపన్ మీకు 14 డాలర్ల 66 సెంట్లు మిగిల్చింది. అందుకని దాచుకున్న కూపన్లు ముప్పై డాలర్ల చొక్కా మీద ఖర్చుపెట్టకండి. వంద నుంచి నూటపదిహేను మధ్యలో ఉన్న వస్తువు మీద వాడండి, అక్కడే అది రెట్టింపు పని చేస్తుంది.

కూపన్‌కీ రిబేట్‌కీ తేడా ఉంది. కౌంటర్ దగ్గరే ధర తగ్గిస్తే అది లెక్కలోకి వస్తుంది. కొన్న తర్వాత ఫారం పంపితే ఇంటికి వచ్చే రిబేట్ లెక్కలోకి రాదు. 110 డాలర్ల వస్తువుకు 15 డాలర్ల రిబేట్ ఉన్నా, చట్టం దృష్టిలో దాని ధర 110యే. గిఫ్ట్ కార్డు కూడా ధరను తగ్గించదు, అది డబ్బు కట్టే మార్గం మాత్రమే.

ఎక్కువమంది దెబ్బతినేది ‘ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ దగ్గర. 120 డాలర్ల ప్యాంటు కొంటే ఇంకోటి ఉచితం అన్నారనుకోండి. రెండింటికీ కలిపి 120, అంటే ఒక్కోటి 60, కాబట్టి పన్ను లేదు అని మనం లెక్కేసుకుంటాం. చట్టం అలా సగటు వేయనివ్వదు. మొదటి ప్యాంటు 120 కిందే లెక్క, దాని మీద 9.90 పన్ను పడుతుంది. అదే దుకాణం ఒక్కో ప్యాంటు మీద 50 శాతం తగ్గింపు అని ప్రకటించి ఒక్కోటి 60కి అమ్మితే రెండింటికీ పన్ను ఉండదు. మీ జేబులోంచి పోయే ధర ఒకటే, ప్రకటన రాసిన తీరును బట్టి పన్ను మారుతుంది. ‘రెండోది సగం ధరకే’ కూడా ఇంతే. 110 డాలర్ల షూ రెండు జతలు తీసుకుంటే మొదటి జతకు పన్ను ఉంటుంది, 55కి వచ్చిన రెండో జతకు ఉండదు. కలిపి ఒక జతగా అమ్మే వాటిని విడదీసి బిల్లు చేయమనడం కూడా కుదరదు. కుడి కాలి షూకొక ధర, ఎడమ కాలి షూకొక ధర వేయరు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా వినండి. డెలివరీ చార్జీ కూడా వస్తువు ధరలో భాగమే. 95 డాలర్ల జీన్స్‌కు 10 డాలర్ల డెలివరీ కలిస్తే 105, అంటే గీత దాటినట్టే, 8.66 పన్ను కట్టాలి. మార్గం తేలికే: స్టోర్‌లో పికప్ పెట్టుకోండి, లేదా డెలివరీ ఉచితమయ్యేంత సరుకు ఒకే ఆర్డర్‌లో వేయండి. సరుకు సోమవారమో మంగళవారమో వస్తే పన్ను పడుతుందేమో అన్న భయం అక్కర్లేదు. ఆ మూడు రోజుల్లో మీరు ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేసి, వెంటనే పంపేలా అమ్మేవాళ్లు ఆర్డర్ తీసుకుంటే చాలు, ఇంటికి తర్వాత చేరినా ఫర్వాలేదు. సరుకు చేరే చిరునామా మాత్రం ముఖ్యం. కాలిఫోర్నియాలో చదువుతున్న పెద్దమ్మాయికి ఇక్కడి నుంచి ఆర్డర్ పెట్టి అక్కడికి పంపిస్తే టెక్సస్ సెలవు వర్తించదు.

ఏవి వస్తాయి, ఏవి రావు? బట్టలు, చెప్పుల విషయంలో వయసు పట్టింపు లేదు. పిల్లలకే కాదు, మీకూ కొనుక్కోవచ్చు. ఆఫీసు చొక్కాలు, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లకు వాకింగ్ షూ, స్వెటర్లు, అన్నీ వస్తాయి. పండగ బట్టల సంగతి కూడా చెప్పుకోవాలి, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి ఆ దగ్గర్లోనే కదా. కుట్టి తయారుగా ఉన్న కుర్తాలు, లంగా జాకెట్లు, పిల్లల పైజామాలు వంద లోపు ఉంటే సరే. కుట్టని డ్రెస్ మెటీరియల్ ఉత్త గుడ్డ కింద లెక్క, దానికి పన్ను పడుతుంది. దారం, గుండీలు, జిప్పులకూ అంతే. బట్టలు బాగు చేయించినా, ఎంబ్రాయిడరీ చేయించినా ఆ కూలికి మినహాయింపు లేదు. గాజులు, గొలుసులు, చేతి గడియారాలు, హ్యాండ్‌బ్యాగులు, పర్సులు రావు. రెయిన్‌కోటుకు పన్ను లేదు, గొడుగుకు ఉంది. బెల్టుకు లేదు, బకిల్ విడిగా కొంటే ఉంది. ఆటల సామానులో మామూలు టెన్నిస్ షూ, జాగింగ్ బట్టలు, ఈత దుస్తులు వస్తాయి. ఆ ఆటకు తప్ప మరి దేనికీ పనికిరానివి, అంటే ఫుట్‌బాల్ ప్యాడ్లు, గోల్ఫ్ క్లీట్లు, హెల్మెట్లు, రావు.

బ్యాగుల్లో మామూలు బ్యాక్‌ప్యాక్, మెసెంజర్ బ్యాగ్ వస్తాయి. చక్రాలున్నది కూడా వస్తుంది గానీ వీపుకు తగిలించుకునే వీలు ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాగు, జిమ్ బ్యాగు, డఫెల్, సూట్‌కేసు, పర్వతారోహణకు వాడే ఫ్రేమ్ ఉన్న బ్యాగు రావు. మన సంఘాలవాళ్లు బడులకు బ్యాగులు పంచుతుంటారు కదా, వాళ్ల కోసం ఈ మాట: ఒకేసారి పది దాకా ఏ కాగితం లేకుండా కొనొచ్చు. అంతకు మించితే పన్ను మినహాయింపు కోరే ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ముందే నింపి పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

స్కూల్ సామాను దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, ఎందుకంటే టీచర్ ఇచ్చిన లిస్టు వేరు, చట్టం ఒప్పుకున్న లిస్టు వేరు. రాష్ట్రంలో పన్నుల సంగతి చూసే కంప్ట్రోలర్ ఆఫీసు లిస్టులో ఉన్నవి పెన్నులు, పెన్సిళ్లు, క్రేయాన్లు, మార్కర్లు, హైలైటర్లు, నోటు పుస్తకాలు, బైండర్లు, ఫోల్డర్లు, ఇండెక్స్ కార్డులు, జిగురు, కత్తెరలు, స్కేళ్లు, కంపాసులు, ప్రొట్రాక్టర్లు, క్యాలిక్యులేటర్లు, గ్రాఫ్ పేపర్, కాపీ పేపర్, పోస్టర్ బోర్డు, లంచ్ బాక్సులు. టీచర్ లిస్టులో కింది భాగంలో ఉండే టిష్యూ పెట్టెలు, శానిటైజర్, జిప్ సంచులు, హెడ్‌ఫోన్లు, ప్రింటర్ ఇంకు అందులో లేవు. వాటికి పన్ను పడితే క్యాషియర్ తప్పు చేశాడనుకోకండి. అవి ఆ వారాంతంలోనే కొనాలన్న తొందర కూడా లేదు, ఎప్పుడు చవగ్గా దొరికితే అప్పుడే కొనండి. అన్నీ కలిపి కిట్‌గా అమ్మితే, అందులో పన్ను లేని వస్తువుల విలువ పన్ను ఉన్నవాటి కంటే ఎక్కువుండి, కిట్ ధర వందలోపుంటే మొత్తం కిట్‌కే పన్ను ఉండదు. ఆ టిష్యూ పెట్టె కిట్‌లో వస్తే దానికీ మినహాయింపు దొరికినట్టే.

క్యాలిక్యులేటర్ గురించి విడిగా చెప్పాలి. మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌తో ఇబ్బంది లేదు, గీతకు చాలా కిందే ఉంటుంది. గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్, ముఖ్యంగా హైస్కూల్ పిల్లలు అడిగే టీఐ-84 ప్లస్ సీఈ లాంటివి, సాధారణంగా వంద పైనే ఉంటాయి. ఆ ధరకు కొంటే పన్ను కట్టాల్సిందే. ఇందాక చెప్పిన కూపన్ వాడాల్సిన వస్తువు ఇదే, 99.99కి దించగలిగితే రెండు వైపులా లాభం. దానికంటే ముందు బడిలోనే ఇస్తారా, కంప్యూటర్ మీద చేయిస్తారా అని టీచర్‌ను ఒక మెయిల్‌లో అడగండి. అక్కర్లేని వంద డాలర్ల వస్తువు మీద పన్ను మిగుల్చుకోవడం లాభమేం కాదు కదా.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ల్యాప్‌టాప్ సంగతేమిటి అని. టెక్సస్‌లో కంప్యూటర్లకు, సాఫ్ట్‌వేర్‌కు ఈ సెలవు వర్తించదు. ధర ఎంతైనా సరే. ఆ వారాంతంలో దుకాణాల నిండా పన్ను సెలవు బోర్డులు ఉంటాయి, ల్యాప్‌టాప్‌ల దగ్గర కూడా ఆ రంగులే కనిపిస్తాయి. అది చూసి అక్కడే కొనేస్తారు చాలామంది. ల్యాప్‌టాప్‌కు మీరు చూడాల్సింది విద్యార్థుల తగ్గింపు ధర. దాన్ని హాలిడేతో ముడిపెట్టకండి.

ఎమ్మెస్‌కి హైదరాబాద్, విజయవాడ నుంచి ఆగస్టులో దిగే పిల్లలు మీ ఇళ్లలో నాలుగు రోజులుండి వాళ్ల యూనివర్సిటీలకు వెళ్తుంటారు. వాళ్లకు ఈ మాట చెప్పండి. రాష్ట్రాన్ని బట్టి నియమం పూర్తిగా మారిపోతుంది. ఫ్లోరిడాలో 2025లో చేసిన చట్టంతో ఆగస్టు నెలంతా శాశ్వతంగా పన్ను సెలవే. బట్టలు 100 డాలర్ల దాకా, స్కూల్ సామాను 50 దాకా, సొంత వాడకానికి కొనే కంప్యూటర్ 1,500 దాకా. అక్కడ రాష్ట్ర పన్ను 6 శాతం. 1,200 డాలర్ల ల్యాప్‌టాప్ మీద 72 డాలర్లు మిగులుతాయి, కౌంటీ పన్ను కూడా ఉంటే ఇంకాస్త. మిస్సోరి, టెనెస్సీలలో కూడా కంప్యూటర్లు 1,500 దాకా వస్తాయి గానీ వారాంతం మాత్రమే. టెనెస్సీ అయితే జులై చివరి వారాంతమే, ఆగస్టులో దిగితే అయిపోయినట్టే. మసాచుసెట్స్‌లో ఆగస్టులో ఒక శని, ఆదివారాలు దాదాపు అన్ని వస్తువులకూ, ఒక్కోటి 2,500 డాలర్ల దాకా. ఆ రాష్ట్రాల్లో చేరే పిల్లాడు టెక్సస్‌లో దిగి, ఇక్కడే 8.25 శాతం కట్టి ల్యాప్‌టాప్ కొనడం అనవసరం.

నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో బంధువులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. నార్త్ కరోలినాలో ఈ సెలవును 2014లో తీసేశారు. పక్కనే సౌత్ కరోలినాలో ఆగస్టు మొదటి శుక్రవారం నుంచి మూడు రోజులు ఉంటుంది. అక్కడ బట్టలకు ధర పరిమితే లేదు, కంప్యూటర్లు, దుప్పట్లు, తువ్వాళ్లు కూడా వస్తాయి. చాలామంది సరిహద్దు దాటి వెళ్లి కొంటారు. సొంత రాష్ట్రంలో వాడే సరుకు మీద బయట పన్ను కట్టకపోతే ఇంట్లో యూజ్ ట్యాక్స్ కట్టాలన్నది నార్త్ కరోలినా చట్టం. ఆ సంగతి కూడా చెప్పి పంపండి. న్యూజెర్సీలో కూడా స్కూల్ సెలవును 2024లో ఎత్తేశారు. అక్కడ బట్టలకు మాత్రం ఏడాది పొడవునా పన్ను లేదు కాబట్టి మనకంటే వాళ్లే నయం.

చిన్నపిల్లల తల్లులకు ఇంకో మాట. డైపర్లు, బేబీ వైప్స్, గర్భిణుల దుస్తులు, శానిటరీ ప్యాడ్లు, వీటి మీద టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి ఏడాదంతా పన్ను లేదు. వీటి కోసం ఆగస్టు వారాంతం వరకు ఆగి, ఆ రద్దీలో బండి తోసుకోవాల్సిన పని లేదు.

వెళ్లే వేళ గురించి. శనివారం మధ్యాహ్నం వద్దు. పిల్లల షూలో మామూలు సైజులు ముందు అయిపోతాయి, కాబట్టి షూ శుక్రవారం పొద్దున్నే, లేదా గురువారం రాత్రి అర్ధరాత్రి దాటాక ఆన్‌లైన్‌లో. బుట్ట ముందే నింపి పెట్టుకోండి, కానీ అర్ధరాత్రి దాటకుండా ‘కొను’ నొక్కకండి. చెకౌట్ పేజీలో ట్యాక్స్ గడి సున్నా చూపిస్తుందో లేదో చూశాకే డబ్బు కట్టండి. నోటు పుస్తకాలు ఆదివారం సాయంత్రమైనా దొరుకుతాయి. మందపాటి చలి కోట్లు మాత్రం ఆగస్టులో పూర్తి ధరకు కొనకండి. శీతాకాలం చివర వచ్చే తగ్గింపు 7.6 శాతం కన్నా చాలా ఎక్కువుంటుంది.

చివరగా, ‘కొన్నాక సైజు మారిస్తే పన్ను పడుతుందా?’ అని ఇందాక ఒకమ్మ అడిగారు. హాలిడేలో కొన్న చొక్కాను అదే చొక్కా వేరే సైజుకో, రంగుకో మార్చుకుంటే పన్ను లేదు, హాలిడే దాటిపోయినా సరే. హాలిడే దాటాక 35 డాలర్ల చొక్కా ఇచ్చి, ధర అదే అయినా సరే, 35 డాలర్ల జాకెట్ తీసుకుంటే అది కొత్త కొనుగోలు కింద లెక్క, జాకెట్ మీద పన్ను కట్టాలి. అందుకే షూ కొనేటప్పుడు పిల్లాడిని వెంట తీసుకెళ్లండి, లేదా అదే మోడల్‌లో పెద్ద సైజు ఉందో లేదో చూసి కొనండి.

పన్ను పొరపాటున పడితే? రసీదులో పన్ను పడ్డ వస్తువు పక్కన చాలా దుకాణాల్లో ఒక అక్షరం గుర్తుగా ఉంటుంది. తలుపు దాటకముందే చూసుకోండి, అక్కడే అడిగితే సరిచేస్తారు. ఇంటికొచ్చాక గమనించినా ఫర్వాలేదు, రసీదు పట్టుకెళ్లి అమ్మినవాళ్లను అడగాలి. వాళ్లు డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా 00-985 నంబరు ఫారం ఇవ్వాలి. ఆ ఫారంతో మీరే నేరుగా కంప్ట్రోలర్ ఆఫీసుకు రిఫండ్ అడగొచ్చు. రసీదు మాత్రం పారేయకండి. హాలిడే తర్వాత 60 రోజుల దాకా వస్తువు వాపసు ఇస్తే, పన్ను కట్టినట్టు రసీదు చూపించగలిగితేనే ఆ పన్ను తిరిగి ఇస్తారు. జులైలోనే పన్నుతో కొని సెప్టెంబర్‌లో వాపసు ఇవ్వబోయేవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు. రసీదు కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు కాబట్టి కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి.